రాళ్లిచ్చిన దీవి

సింగపూరు అనగానే మనవాళ్లకు తోచేది ఆకాశాన్నంటే భవనాలు, కడిగిపెట్టినట్లుండే వీధులు, నలుగురిలో ఉమ్మివేస్తే పడే జరిమానా. ఆ నగరానికి రాళ్లు ఎక్కడినుంచి వచ్చాయని అడిగే యాత్రికుడు అరుదు. ఆ రాళ్లిచ్చిన చోట్లలో ముఖ్యమైనది ఈశాన్యాన, మలేసియా తీరానికి కూతవేటు దూరంలో జలసంధి నడుమ ఉన్న ఒక చిన్న దీవి. పేరు పులావ్ ఉబిన్. విస్తీర్ణం సుమారు 10 చదరపు కిలోమీటర్లు.

నన్ను అక్కడికి తీసుకువెళ్లింది నా మేనకోడలు. జంషెడ్‌పూర్‌లో, కదమా ప్రాంతంలో పుట్టిపెరిగిన పిల్ల. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంలో ఒక్క సెమిస్టరు చదువుకోవడానికి వెళ్లింది. అక్కడ సెమిస్టరు నడుమ వారం రోజుల విరామం ఇస్తారు. పరదేశాలనుంచి వచ్చిన విద్యార్థులందరూ ఆ వారం కోసమే ఎదురుచూస్తారు. ఒకరు బాలీకి, ఒకరు ఫుకెట్‌కు, మరొకరు లంకావీకి. ఆ విరామంలోనే నేను ఆమెను చూడబోయాను. విమానం ఖర్చు తండ్రిని అడగడానికి దానికి మనసొప్పలేదు కాబోలు, "బస్సు దిగి పడవెక్కితే చాలు, మనకూ ఒక దీవి ఉంది అత్తయ్యా" అంది.

విశ్వవిద్యాలయం నగరానికి నైరుతి కొసన ఉంటే, పడవలరేవు ఈశాన్యపు కొసన, చాంగీ దగ్గర ఉంది. దేశాన్ని ఈ చివరనుంచి ఆ చివరకు రైలులో, బస్సులో దాటాము. రేవులో టికెట్టు లేదు, వేళల పట్టిక లేదు. పన్నెండుమంది పోగయితే పడవ కదులుతుంది. అంతవరకు బల్లమీద కూర్చుని ఎదురుచూడడమే. నిమిషాలు లెక్కబెట్టి బతికే ఆ దేశంలో, మన కోనసీమ రేవుల్లోలాగా 'ఇంకొక ఇద్దరు రావాలి' అని పడవవాడు నింపాదిగా అనడం నాకెంతో హాయి అనిపించింది. డబ్బులు పడవలోనే అతని చేతికివ్వాలి. డీజిలు వాసన, కొయ్య పడవ, పది పదిహేను నిమిషాల ప్రయాణం.

ఇక పేరు సంగతి. అనువాదకురాలిని కనుక నాకు పేర్ల దగ్గర ఆగడం అలవాటు. మలయ్ భాషలో పులావ్ అంటే దీవి. ఉబిన్ అనే మాట 'జూబిన్' నుంచి వచ్చిందంటారు. జూబిన్ అంటే నేలమీద పరిచే పలక. ఈ దీవిలోని గ్రానైటును పలకలుగా చెక్కి ఇళ్లలో పరిచేవారు. అంటే దీవికి పేరు పెట్టింది దాని కొండలను చూసికాదు, దానినుంచి ఏం తీసుకుపోవచ్చునో చూసి. మా ఊరి పేరూ అటువంటిదే కదా అనిపించింది. రైల్వేస్టేషను ఒకప్పుడు కాలీమాటీ, అంటే నల్లమట్టి. ఊరు సాక్చీ. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి ఉక్కు పట్టాలు చేసిన సేవకు గుర్తుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు వచ్చి, ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. స్టేషను టాటానగర్ అయింది. నల్లమట్టి ఎటు పోయిందో తెలియదు.

దీవి పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. కప్ప, పంది, ఏనుగు మూడూ సింగపూరునుంచి జోహోర్ ఒడ్డుకు ఎవరు ముందు ఈదుతారో అని పందెం వేసుకున్నాయట. ఒడ్డు చేరలేనిది రాయి అయిపోవాలని షరతు. మూడూ ఓడిపోయాయి. కప్ప ఒక చిన్న దీవి అయింది. పందీ ఏనుగూ కలిసి ఉబిన్ అయ్యాయి. రాయిగా మారిన ఏనుగును తరువాతి కాలంలో మనుషులు ముక్కలు ముక్కలుగా కోసుకుపోయారన్నమాట.

కోత పంతొమ్మిదో శతాబ్దపు నడిమి కాలంనాటికే మొదలయింది. సముద్రం మధ్య ఒంటరి రాతితిప్ప అయిన పెద్రా బ్రాంకా మీద 1850-51 సంవత్సరాలలో కట్టిన హార్స్‌బర్గ్ దీపస్తంభానికి రాయి ఉబిన్‌దే. సింగపూరును మలయా భూభాగంతో కలుపుతూ 1924లో ప్రారంభమైన జోహోర్ సేతువుకూ ఈ దీవి రాళ్లు తరలివెళ్లాయి. స్వతంత్రం వచ్చాక ఇళ్లు, రోడ్లు, రేవులు కట్టుకుంటూపోయిన ఆ నగరం ఆకలి ఎంతటిదో చెప్పనక్కరలేదు. చివరి క్వారీ 1999లో మూతపడింది.

అద్దె సైకిళ్ల మీద ఆ క్వారీ అంచుకు చేరాము. నిట్రంగా దిగిన రాతిగోడలు, మధ్యలో వాననీరు నిండిన లోతైన మడుగు, పచ్చని నీరు. మడుగు నడుమ ఎండుకొమ్మల మీద కొంగలు గూళ్లు కట్టుకున్నాయి. డైనమైటు పేలిన చోట ఇప్పుడు వినిపించేది వాటి కీచులాటే. అందంగా ఉంది, అందులో సందేహం లేదు. అయితే ఇనుపగనుల పక్క ఊరినుంచి వెళ్లిన మా ఇద్దరికీ ఆ అందం ఎలా పుట్టిందో చెప్పేవాళ్లు అవసరం లేదు. పిల్ల చాలాసేపు కంచె పట్టుకుని నిలబడింది. సెల్‌ఫోను తీసి ఫొటో తీయడంకూడా మరచిపోయింది. ఈ కాలపు పిల్లల్లో అది చిన్న విషయం కాదు సుమా!

రాయి ఉన్నన్నాళ్లు దీవిలో మనుషులు ఉన్నారు. 1970ల దాకా సుమారు రెండువేలమంది చీనా, మలయ్ కుటుంబాలవాళ్లు క్వారీలలో, తోటలలో, చేపలవేటలో బతికారు. పని తగ్గేకొద్దీ వాళ్లు ఒక్కరొక్కరే నగరంలోని బహుళ అంతస్తుల ఇళ్లకు తరలిపోయారు. బిన్ కియాంగ్ బడి 1985లో మూతపడింది. బడి మూతపడిన పల్లెకు ఆయుష్షు ఎంతో మనకు వేరే చెప్పాలా? ఇప్పుడు మిగిలినవాళ్లు కొన్ని పదులమంది. రేకు కప్పుల కొయ్య ఇళ్లు, ఒక చీనా గుడి, దాని ఎదుట నాటకాలాడే వేదిక, కరెంటుకు జనరేటర్లు, సౌరఫలకాలు. పెరడులో కొబ్బరి, పనస, రంబుటాన్ చెట్లు. నగరంలోని పిల్లలను ఆదివారాలు ఇక్కడికి తీసుకువచ్చి, 'మీ తాతలు ఇలా ఉండేవారు' అని చూపిస్తారు.

సైకిళ్ల దుకాణం నడుపుతున్న ముసలమ్మ మా పిల్లను వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది: "నీ కంపోంగ్ ఏది?" కంపోంగ్ అంటే పల్లె. కాని ఉత్త పల్లె కాదు. పండుగకు తిరిగివెళ్లే సొంత ఊరు. ఇంగ్లీషులో దానికి సరైన మాట లేదు. తెలుగులో ఉంది, 'మీది ఏ ఊరు?' అన్నప్పుడు మనం అడిగేది అదే.

"జంషెడ్‌పూర్" అంది పిల్ల.

"అది కంపోంగా?"

"కాదు, ఉక్కు కర్మాగారం ఉన్న పట్నం."

"మరి కంపోంగ్?"

పిల్ల నా ముఖం చూసింది. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లానుంచి 1962లో పద్దెనిమిదేళ్ల వయసులో, మేనమామ మాట పట్టుకుని ఈ ఊరు వచ్చి బ్లాస్టు ఫర్నేసులో చేరారు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్తులు నడిపే రామమందిరంలో కల్యాణాలు చూస్తూ మేము పెరిగాము. అక్కడి తెలుగు కుటుంబాలెన్నింటి కథో ఇది. పిల్ల తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవలేదు. శ్రీకాకుళంలోని మా ఊరిని అది చూసింది రెండుసార్లు. కొంత తడవు ఆలోచించి అది ఆ ముసలమ్మతో, "మా పట్నం కింద ఒక కంపోంగ్ ఉండేది. పేరు సాక్చీ. ఇప్పుడది బజారు" అంది. ముసలమ్మ తల ఊపింది. తనకది వింతగా తోచలేదు. సైకిలు సీటు ఎత్తు సరిచేసి ఇచ్చింది.

దీవి తూర్పుకొసన చెక్ జావా అనే చోటుంది. పోటు తీసినప్పుడు సముద్రపు అడుగు బయటపడుతుంది. నక్షత్రచేపలు, సముద్రపుష్పాలు, స్పంజికలు, గడ్డి మైదానంలా పరచుకున్న సముద్రగడ్డి. ఇది ఈనాడు ఉండవలసింది కాదు. ఆ తీరాన్ని పూడ్చి భూమిగా మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2001లో ఆ సంగతి తెలిసి, పోయేలోగా ఒక్కసారి చూడాలని జనం వేలాదిగా వచ్చారు. ప్రకృతి పరిశోధకులు, స్వచ్ఛంద సేవకులు ఉన్న జీవజాలాన్నంతా లెక్కరాసి ప్రభుత్వం ముందుంచారు. ఆ ఏడాది చివరలో పూడ్చివేత వాయిదా పడింది. రద్దు కాలేదు, వాయిదా మాత్రమే. 2007లో తీరం వెంబడి నడకవంతెన వేశారు. మేము వెళ్లినవేళ పోటు మీద ఉంది. చేపలకు బదులు మాకు దొరికింది మడచెట్ల వేళ్లమధ్య బురదపీతలు, దారికడ్డంగా వచ్చిన ఒక అడవిపంది, దాని పిల్లలు.

సాయంత్రం తిరుగు పడవకు పదిమందిమే పోగయ్యాము. పడవవాడు కదలలేదు. ఆ కాసేపట్లో పిల్ల కదమాలోని తాతగారికి ఫోను చేసి మడుగు సంగతి చెప్పింది. ఆయన రెండే ప్రశ్నలు వేశారు. లోతెంత? తవ్వడం ఎవరు ఆపారు?

ఆ తరువాత చాలాసేపు ఆయనే మాట్లాడారు. మా కొలుముల్లోకి మొదట ఖనిజం వచ్చిన గురుమహిసాని కొండ సంగతి. మయూర్‌భంజ్ సంస్థానంలో ఆ కొండను భూగర్భశాస్త్రవేత్త పి.ఎన్. బోస్ గుర్తించి, 1904లో జంషెడ్జీకి ఉత్తరం రాశాడు. 1912లో సాక్చీలో మొదటి ఉక్కు కడ్డీ తయారయింది. అరవై ఏళ్లు ఈ ఊళ్లో ఉండి, ఆ కొండను తాను ఒక్కసారికూడా చూడలేదన్నారు తాతగారు.

"సెలవుల్లో వచ్చాక వెళ్దాం తాతయ్యా. టాటానగర్‌లో బాదంపహాడ్ వైపు వెళ్లే రైలుందిగా" అంది పిల్ల.

ఇంతలో మరో ఇద్దరు సైకిళ్లు అప్పగించి పరుగెత్తుకువచ్చారు. పడవ కదిలింది.