‘ఫేక్’ అనేస్తే సరిపోదు పిన్నీ!

వాట్సాప్‌లో తిరిగే ఆరోగ్యం ఫార్వర్డ్‌లు రెండు రకాలు. ఒకటి పూర్తి అబద్ధం. దాంతో పెద్ద చిక్కు లేదు, నవ్వుకుని డిలీట్ చేసేయొచ్చు. రెండోది సగం నిజం. అసలు తంటా అంతా దీంతోనే. అందులోని నిజాన్ని ఒప్పుకోకుండా అబద్ధాన్ని విడదీయడం కుదరదు మరి.

మా పిన్ని అరకు దగ్గర ఒక ఊళ్లో ఆశా కార్యకర్త. నేను వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఇంట్లో ఎవరి ఫోన్ హ్యాంగ్ అయినా, ఎవరి ఆధార్ లింక్ కాకపోయినా కాల్ నాకే వస్తుంది. ఇప్పుడు ఆ లిస్టులో ఆరోగ్యం డౌట్లు కూడా చేరాయి. పోయిన వానాకాలం పిన్ని ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది.

“ఒరే, ఆడపిల్లలకి కేన్సర్ రాకుండా సూది ఉందట కదా. మా గ్రూపులో ఎవరో ఏటో పెట్టేరు. ఆ సూది ఏసి ఖమ్మంలో మన గిరిజన పిల్లల్ని సంపేసేరట. నిజమేనేటి? సదువుకున్నోడివి, నువ్వు సెప్పు.”

పిన్ని కూతురు ఏడో తరగతి. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంటుంది. కాబట్టి అది ఆశా కార్యకర్తగా అడిగిన ప్రశ్న మాత్రమే కాదు, అమ్మగా అడిగింది కూడా.

రెండు నిమిషాలు వెతికితే ‘ఇది ఫేక్’ అని ముద్ర వేసిన పేజీలు బోలెడు దొరుకుతాయి. ఏదో ఒక లింక్ పంపేస్తే నా పని అయిపోయేది. కానీ ఖమ్మం అనే పేరు దగ్గర ఆగిపోయాను. ఓ వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని, దొరికిన రిపోర్టులన్నీ చదివాను.

ఖమ్మంలో ఏం జరిగింది?

2009 జులై. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. నడిపింది అమెరికాకు చెందిన ‘పాత్’ అనే సంస్థ. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు తోడున్నాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. మన దగ్గర వేసింది గార్డాసిల్. అప్పట్లో అది మూడు డోసుల టీకా.

ఇందులో మన్యం పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంటికి దూరంగా ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లూ ఉన్నారు. 2010 మార్చిలో ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థ వాళ్లు భద్రాచలం వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడాక గొడవ పెద్దదైంది. ఏప్రిల్‌లో కేంద్రం ఆపేయమంది.

రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేయించుకున్న ఏడుగురు అమ్మాయిలు ఆ కాలంలో చనిపోయిన మాట నిజం. కేంద్రం వేసిన విచారణ కమిటీ ఆ మరణాల కారణాలు చూసింది. పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుమందు తాగడం, మలేరియా. ఒకటి రెండు మరణాలకు కారణం స్పష్టంగా తేలలేదు. మొత్తం మీద టీకాతో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువని 2011లో ఆ కమిటీ చెప్పింది.

అంటే ‘సంపేసేరు’ అన్న మాటకి ఆధారం లేదు. ఇక్కడితో ఆపేస్తే నేనూ సగమే చెప్పినట్టు.

సంతకం ఎవరిది?

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో కొన్ని అంకెలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన సమ్మతి పత్రాలు 9,543. అందులో వేలిముద్రలు ఉన్నవి 1,948. హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి 2,763.

ఆ చివరి అంకె మరోసారి చదవండి. పిల్ల ఒంట్లోకి సూది. ఒప్పుకున్నది వార్డెన్. ఆ పిల్ల అమ్మ కొండ మీద చేలో ఉంది, ఆమెకు సంగతే తెలియదు.

పిల్లల హక్కులకు, మనుషుల మీద జరిగే పరిశోధనల నైతిక నియమాలకు భంగం కలిగిందని స్థాయీ సంఘం గట్టిగానే తప్పుబట్టింది. అది కేవలం ‘డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు’ అన్న వాదనని ఒప్పుకోలేదు, క్లినికల్ ట్రయల్ కిందే లెక్కగట్టింది. పాత్ సంస్థ ఆ ఆరోపణల్ని కాదంది. ఎవరి వాదన ఎలా ఉన్నా ఆ 2,763 సంతకాలు మాత్రం అలాగే ఉన్నాయి.

నా ఉద్యోగంలో రోజూ చూసేది ఇదే. యాప్ ఇన్‌స్టాల్ చేయగానే పొడుగాటి ఇంగ్లిష్ పేజీ వస్తుంది, కింద ‘ఐ అగ్రీ’ బటన్. చదవకుండా నొక్కేస్తారని కట్టేవాళ్లకీ తెలుసు, నొక్కేవాళ్లకీ తెలుసు. యాప్‌లో పోతే కాంటాక్ట్ లిస్ట్ పోతుంది. ఖమ్మంలో ఆ బటన్ వేరేవాళ్లు నొక్కారు, సూది పిల్ల చేతికి దిగింది.

పైగా ఇదేదో దూరపు కథ కాదు. 2014లో రాష్ట్రం విడిపోయాక భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రలోకి వచ్చి ఎటపాక మండలం అయ్యాయి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు ఎటపాకా, అరకూ ఒకే జిల్లాలోకి చేరాయి. పిన్ని “మన పిల్లలు” అనడంలో తప్పేముంది?

సగంలో ఆగిన సూది చెప్పిన సంగతి

ఈ ముక్క మాత్రం ఏ ఫార్వర్డ్‌లోనూ రాలేదు. నాకే ఆశ్చర్యమేసింది.

సరిగ్గా అదే సమయంలో మన దేశంలో ఇంకో పరిశోధన నడుస్తోంది. ఖమ్మం దానితో దీనికి సంబంధం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని పలుచోట్ల నడిపింది. మూడు డోసులు కావాలా, రెండు చాలా అన్నదే వాళ్ల ప్రశ్న. 2010 ఏప్రిల్లో ప్రభుత్వం హెచ్‌పీవీ టీకా పరిశోధనలన్నీ ఆపమనడంతో ఇదీ మధ్యలో ఆగింది. అప్పటికి 17,729 మంది అమ్మాయిలకు కనీసం ఒక డోసు పడింది. అందులో 4,950 మందికి ఒకే ఒక్క డోసుతో ఆగిపోయింది.

పరిశోధకులు వాళ్లని వదిలేయకుండా పదేళ్లు గమనించారు. 2021లో ‘లాన్సెట్ ఆంకాలజీ’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం హెచ్‌పీవీలోని 16, 18 రకాలు. ఇవి ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు 95 శాతం దాకా ఆపింది. రెండు, మూడు డోసుల వాళ్లలో అది సుమారు 93 శాతం. అంటే తేడా లేనట్టే. ఇలాంటి ఆధారాలన్నీ చూసి 2022 డిసెంబరులో, ఈ వయసు పిల్లలకు ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

డోసుకో ప్రయాణం చేయాల్సిన కొండ ఊళ్లకి ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా! మన దేశపు ఆడపిల్లల ఒంటి మీద తేలిన ఈ నిజం ఇంగ్లిష్ జర్నల్‌లో పడి, ప్రపంచమంతా తిరిగింది. పిన్ని వాట్సాప్‌కి మాత్రం రాలేదు. అక్కడికి ఖమ్మం పుకారు వచ్చింది. అయితే ఈ మంచి ఫలితాన్ని చూపించి ఖమ్మంలో జరిగిన తప్పును కడిగేయకూడదు. అది వేరు, ఇది వేరు.

మన ఫోన్లలో సైన్స్ ఎలా వస్తోంది?

2024 ఫిబ్రవరి 1 గుర్తుందా? మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాని ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి చెప్పారు. ఆ మర్నాడే నటి పూనమ్ పాండే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిందని ఆమె ఇన్‌స్టా అకౌంట్‌లోనే పోస్టు వచ్చింది. ఆ మర్నాడు ‘బతికే ఉన్నా, అవగాహన కోసం చేశా’ అని ఆమే చెప్పింది. ఆ రెండు రోజులూ ఈ క్యాన్సర్ పేరు దేశమంతా ట్రెండ్ అయింది. కానీ మా ఊరి జనానికి మిగిలింది ఏంటి? ఈ జబ్బు పేరు చెప్పి అబద్ధం కూడా ఆడతారన్న సంగతి.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా 27 వేల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వస్తోంది. దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. ఇంత పెద్ద విషయానికి నాటకం అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు, వినేవాళ్ల భాషలో చెబితే చాలు.

ఆ ‘వినేవాళ్ల భాష’ దగ్గరే ఇంకో మెలిక. అరకు చుట్టుపక్కల చాలా ఇళ్లలో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, కువి. తెలుగు బడి భాష, ఆఫీసు భాష. ‘గర్భాశయ ముఖద్వార క్యాన్సర్’ అని తెలుగులో పోస్టర్ కొడితే ఇంగ్లిష్‌లో కొట్టినట్టే. ఇక వీడియోలంటారా? సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడే ఊళ్లో ఐదు నిమిషాల వీడియో తిరుగుతూనే ఉంటుంది.

అందుకే పిన్నికి లింకులు పంపలేదు. నిమిషం లోపు ఆడియోలు నాలుగు చేసి పంపాను. మొదటిది ఖమ్మం గురించి. అమ్మానాన్నల్ని అడగకుండా వార్డెన్లు సంతకాలు పెట్టారు, అది తప్పు. పిల్లలు చనిపోయారు, టీకా వల్లే అనడానికి ఆధారం దొరకలేదు. రెండోది, ఈ సూది ఏం చేస్తుంది, ఏం చేయదు. వచ్చిన క్యాన్సర్‌ని తగ్గించదు. వేసుకున్నా పెద్దయ్యాక పరీక్షలు చేయించుకోవాల్సిందే. మూడోది, వేశాక చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం రావొచ్చు, కొందరికి కళ్లు తిరుగుతాయి, అందుకే పావుగంట కూర్చోబెట్టాలి. నాలుగోది ఒకే ముక్క. వద్దనుకుంటే వద్దనొచ్చు. వద్దన్నందుకు రేషనూ, పింఛనూ ఏదీ ఆగదు.

పిన్ని విని తిరిగి అడిగింది. “రేపు పిల్లలు పుట్టరట కదా?” అలా జరుగుతుందని ఏ పరిశోధనలోనూ తేలలేదని చెప్పాను. “మరి మగపిల్లలకి?” కొన్ని దేశాల్లో వాళ్లకీ వేస్తున్నారని చెప్పాను. ఫార్వర్డ్‌కి ఎదురు ప్రశ్న వేయలేం. మనిషికి వేయగలం. ఆ తేడా వల్లే ఆశా కార్యకర్త ముందు ఏ యాప్ అయినా దిగదుడుపే అంటాను, యాప్‌లు కట్టి బతికేవాణ్ని అయినా సరే.

తర్వాత పిన్ని ఆ నాలుగూ తన గొంతుతో ఆదివాసీ ఒడియాలో రికార్డు చేసి గ్రూపులో పెట్టింది. నా తెలుగు ఆడియో కంటే పిన్నిదే పొట్టిగా ఉంది, తేలిగ్గా ఉంది. ఖమ్మం సంగతే ముందు పెట్టింది. “అది దాస్తే మిగతాది ఎవులు నమ్ముతారు?” అంది.

కూతురికి టీకా వేయించాలా వద్దా అన్నది పిన్ని ఇంకా తేల్చుకోలేదు. డాక్టర్‌ని కూడా అడుగుతానంది. తొందర పెట్టడం నా పని కాదు. ఈలోపు ఒక పని మాత్రం చేసింది. హాస్టల్‌కి వెళ్లి, వార్డెన్ మేడమ్‌కి తన ఫోన్ నంబర్ రాసిచ్చి వచ్చింది. ఏ సూది అయినా సరే, ముందు తనకి ఫోన్ చేయాలని.