అబ్బ రాత... చిన్నాన్న కంప్యూటర్

పాత రేడియోని ఎవరూ పారేయరు. పలకకపోయినా గూట్లో పెట్టుకుంటారు. పాత స్కూటర్‌ని బాగుచేయించి మరీ తిప్పేవాళ్లున్నారు. అదేంటో, పాత కంప్యూటర్ అనేసరికి మాత్రం 'ఇంకా ఉందా ఆ డబ్బా?' అంటాం. పాతసామాన్లవాడు వస్తే తూకానికి వేసేస్తాం. చాలామందికి దానివల్ల పోయేదేమీ లేదు. మాకు మాత్రం ఉంది. మా అబ్బ రాసిన పుస్తకం మొత్తం అలాంటి ఓ డబ్బాలోనే ఇరుక్కుపోయింది.

కడప వైపు తాతని అబ్బ అనడం చాలా ఇళ్లలో అలవాటు. మా అబ్బ జమ్మలమడుగు దగ్గర పల్లెలో బడిపంతులు, పొద్దు వాలితే రైతు. ఏ కార్తెలో ఏం విత్తాలి, గొర్రు ఎలా పట్టాలి, కపిల తోలేటప్పుడు ఎద్దుల్ని ఎలా అదిలించాలి... తనకు తెలిసినవన్నీ నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. 2002లో మా చిన్నాన్న వాటిని ప్రొద్దుటూరులోని తన డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో కూర్చోబెట్టి కంపోజ్ చేశాడు. మొత్తం 14 అధ్యాయాలు. అచ్చేయిద్దామనుకునేలోపు డబ్బులు సరిపోలేదు. 2005లో అబ్బ పోయాడు. నోటుపుస్తకాలు చెదల పాలయ్యాయి. ప్రూఫు కాగితాలు ఏ ఇంట్లో ఏ పొయ్యి ఎక్కాయో తెలీదు.

ప్రొద్దుటూరంటే బంగారం, బట్టలు, దసరా. ఆ మూడింటికీ కావాల్సిన బిల్లుబుక్కులూ కరపత్రాలూ, వాటితోపాటు పెళ్లి శుభలేఖలూ బళ్ల ప్రశ్నపత్రాలూ చిన్నాన్న కంప్యూటర్లోంచే వచ్చేవి. 2001లో విడిభాగాలు తెచ్చి బిగించుకున్న పెంటియం-3 అది. విండోస్ 98, 128 ఎంబీ ర్యామ్, 20 జీబీ హార్డ్‌డిస్క్. 2009లో ఒకరోజు స్విచ్చేస్తే ఫ్యాను తిరిగింది కానీ తెర మీద బొమ్మ రాలేదు. అప్పట్లో ఊరూరా తెలిసిన వైద్యం ఒకటే కదా... ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో దాని పళ్లు తుడిచి, మళ్లీ గుచ్చడం! చిన్నాన్నా అదే చేశాడు. పని జరగలేదు. దుకాణం మూసేసి, కంప్యూటర్‌ని ఇంట్లో కడప బండ అరమీద పెట్టాడు. మా జిల్లా ఇళ్లలో అరలన్నీ ఆ నల్లబండలే. మే నెలలో సాయంత్రం చెయ్యి పెడితే చుర్రుమంటాయి. దాని మీద పదేళ్లు పైనే ఉందది.

డిస్కు తీస్తే చాలదా?

'అంత రాద్ధాంతం ఎందుకు? హార్డ్‌డిస్క్ ఊడదీసి ఫైళ్లు కాపీ చేసుకుంటే పోలేదా?' అని మీకు అనిపించే ఉంటుంది. మేమూ అక్కడే మొదలుపెట్టాం. ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడొకడు ఐడీఈ డిస్కుని యూఎస్‌బీకి కలిపే చిన్న పరికరం తెచ్చాడు. తెలివైనవాడు. 'దీన్ని మాటిమాటికీ ఆన్ చేయొద్దన్నా. ముందు డిస్కు డిస్కంతా కాపీ చేసుకుందాం, ఆ తర్వాతే ఏ ప్రయోగమైనా' అన్నాడు. లైనెక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బాగున్న భాగాలన్నీ ముందు చదివేసి, మొరాయించిన చోట్లకి తర్వాత తీరిగ్గా వెనక్కి వస్తుంది. రాత్రి పెడితే తెల్లారేసరికి కొద్దిపాటి ముక్కలు తప్ప డిస్కంతా వచ్చేసింది.

ఫైళ్లు కనిపించాయి. తెరవడమే కుదరలేదు. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7తో ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ కూడా కొత్త వెర్షన్లలో ఆ ఫైళ్లను తెరవడం మానేసింది. ఇక రెండో చిక్కు మన తెలుగుది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగు చేరింది కానీ, డీటీపీ సెంటర్లు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఇంగ్లిషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లతోనే పనిచేశాయి. ఆ ఫాంటు లేకపోతే 'అమ్మ' అని రాసింది అర్థంకాని ఇంగ్లిషు గుర్తుల్లా కనిపిస్తుంది. పేరున్న ఫాంట్లకు యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. చిన్నాన్న వాడింది ఆ జాబితాలో లేదు. పైగా అప్పట్లో కొన్ని ఫాంట్ల ప్యాకేజీలకు డాంగిల్ అని ఒక తాళం ఉండేది. అగ్గిపెట్టె అంత డబ్బా. కంప్యూటర్ వెనక ప్రింటరు తగిలించే ప్యారలల్ పోర్ట్‌కి గుచ్చితేనే ఫాంట్లు పనిచేస్తాయి. దొంగకాపీలకు అడ్డుకట్టగా కంపెనీ పెట్టిన తాళం, చివరికి సొంతదారుకే అడ్డం పడిందన్నమాట! అదృష్టం ఏమిటంటే, చిన్నాన్న డాంగిల్‌ని ఊడబెరకలేదు. పద్నాలుగేళ్లుగా అది ఆ పోర్ట్‌లోనే ఉంది.

అంటే కంప్యూటర్ బతకాలి. వేరే దారి లేదు.

కుర్రాడు ముందు ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా తీసి, పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ తీగని నల్ల తీగతో కలిపి మల్టీమీటర్ పెట్టాడు. 5 వోల్టులకు 5.02, 12కి 11.9. అయిదు శాతం అటూ ఇటూ తేడా ఉన్నా ఫరవాలేదంటారు కాబట్టి అది పాసైంది. తర్వాత బోర్డు మీద టార్చి వేశాడు. ప్రాసెసర్ పక్కన నిలబడ్డ చిన్న చిన్న డబ్బాల్లో ఆరింటి నెత్తి ఉబ్బి ఉంది. ఒకదాని పైన గోధుమరంగు చారిక. 'ఇది నావల్ల కాదన్నా. ఈ కాలంలో మేం బోర్డు మారుస్తాం కానీ, బోర్డు మీద టంకం వేయం' అని నిజాయతీగా చెప్పేశాడు. జమ్మలమడుగులో ఒక పెద్దాయన ఉన్నాడని దారి చూపించిందీ అతనే.

ఉబ్బిన నెత్తులు

ఆయన దుకాణంలో ఇప్పటికీ టేప్‌రికార్డర్లు, పెద్దపొట్ట టీవీలు ఉన్నాయి. నేను ఒక టీవీ మీద చెయ్యి వేయబోతే, 'అబ్బీ, ఆ గాజు వెనకాల ఇరవై వేల వోల్టులుంటాది, కరెంటు తీసినా కొంతసేపు దాంట్లోనే నిలబడ్తాది' అని గదమాయించి కుర్చీ చూపించాడు. బోర్డుని ఇటూ అటూ తిప్పి, ఉబ్బినవాటిని గోటితో తట్టాడు.

కెపాసిటర్ అంటే ఏంటో నేను కాలేజీలో చదివాను. అర్థమైంది మాత్రం ఆయన దగ్గరే. 'కరెంటు బోరు నీళ్ల మాదిరి దుంకుతా వస్తాది. తొట్టిలో పట్టి నిదానంగా మడికి వదుల్తాం జూడు, ఆ తొట్టి ఇది. తొట్టి ఎండిపాయె. ఇంగ మడికి నీళ్లు తడవతడవకూ ఆగుతాండాయి.' అంతే సంగతి. 5 వోల్టుల్ని రెండుకి లోపల కుదించి ప్రాసెసర్‌కి ఇచ్చేచోట ఈ డబ్బాలుంటాయి. లోపల ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. వేడికి అది పాడైతే గ్యాసు పుట్టి నెత్తి ఉబ్బుతుంది, కాకపోతే నెమ్మదిగా ఆవిరైపోతుంది. పది డిగ్రీలు వేడి తగ్గితే దీని ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజినీర్లు లెక్క చెబుతారు. మండు వేసవిలో, దుమ్ము పట్టిన ఫ్యానుతో, కిటికీ లేని డీటీపీ గదిలో ఆ లెక్క ఎటు నడుస్తుందో చెప్పక్కర్లేదు.

తప్పంతా కడప ఎండదే కాదు. దాదాపు 1999 నుంచి 2007 మధ్య తైవాన్‌లో తయారైన కొన్ని రకాల కెపాసిటర్లలో ద్రవమే నాసిరకం. ప్రపంచమంతటా బోర్డులు ఇలాగే ఉబ్బి చచ్చాయి. 2005లో డెల్ అంతటి కంపెనీ ఇలాంటి బోర్డులు మార్చడానికని దాదాపు 30 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. ప్రొద్దుటూరు శుభలేఖలూ అమెరికా ఆఫీసులూ ఒకే జబ్బున పడ్డాయని తెలిసి నాకు నవ్వొచ్చింది.

డబ్బా మీద '1500 మైక్రోఫారడ్, 6.3 వోల్టులు, 105 డిగ్రీలు' అని ఉంది. ఆయన సొరుగులో అంతే కొలతవి కనిపిస్తే, అవి వేసేయమన్నాను. 'ఇది టేప్‌రికార్డర్ గాదబ్బీ. లో-ఈఎస్‌ఆర్ రకమే గావాల. యాదో ఒకటి ఏసి పంపిస్తే ఆర్నెల్లకు మళ్లా వస్తావు' అన్నాడు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. పాతవి ఊడదీయడమే పెద్ద పని. బోర్డులో పొరలు పొరలుగా ఉన్న రాగి రేకు వేడినంతా లాగేస్తుంది. సన్న కడ్డీతో టంకం కరగదు, గట్టిగా లాగితే రంధ్రంలోని రాగి పూత లేచొస్తుంది. ఆయన లావు కడ్డీ పెట్టి, కొత్త టంకం కాస్త తగిలించి, ఒక్కో కాలునీ ఊపిరి బిగబట్టి తీశాడు. డబ్బా మీద గీత ఉన్న కాలు మైనస్. అది తిరగబడితే టపాకాయే. ఆరూ వేయడానికి రెండు గంటలు పట్టింది. కూలి రెండొందలు అడిగాడు. ఇంకో మూడొందలిస్తే తీసుకోవడానికి గొడవపడ్డాడు.

స్విచ్చేశాం. ఈసారి కూత వినిపించింది! పొడుగ్గా, ఆగి ఆగి. పెద్దాయనకి అది అర్థం కాలేదు కానీ ఫోన్లో ప్రొద్దుటూరు కుర్రాడు వెంటనే గుర్తుపట్టాడు. 'బోర్డు లేచిందన్నా! ర్యామ్ లేదంటోంది.' రబ్బరు వైద్యం మళ్లీ చేశాం. లాభం లేదు. ఆ కాలం ఎస్‌డీర్యామ్ ఇప్పుడు దుకాణాల్లో ఎక్కడిది?

పులివెందులలో మా అత్త ఇంట్లో! పిల్లల చదువుకని 2003లో కొన్న కంప్యూటర్ ఒకటి మిద్దెమీది గదిలో ఉంది. ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్లాను. తలుపు తీసి చూస్తే బోర్డుని ఎలుకలు తడిపి తుప్పు పట్టించాయి కానీ, ర్యామ్ ముక్క మాత్రం నిగనిగలాడుతోంది. 'కోడలి నగలు అడిగినట్టు అడుగుతున్నావు, తీసుకుపోరా' అంది అత్త.

ఆ ముక్క గుచ్చగానే ఒకే ఒక్క చిన్న కూత. బొమ్మ వచ్చింది. తేదీ 1980 అని చూపించింది. బోర్డు మీద బొత్తాం బ్యాటరీ, సీఆర్ 2032, మూడు వోల్టులు ఉండాల్సింది ఒకటి కూడా లేదు. కొత్తది వేశాం. ఇంతకన్నా పాత 386, 486 బోర్డులు మీ ఇంట్లో ఉంటే ఈ బ్యాటరీ సంగతి ముందు చూడండి. వాటిలో చాలావాటికి టంకంతో అతికించిన నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారితే చుట్టుపక్కల తీగల్ని తినేస్తుంది.

పాత డిస్కుని బీరువాలో పెట్టి, దాని కాపీని మరో డిస్కులోకి ఎక్కించి బిగించాం. విండోస్ 98 లేచింది. చిన్నాన్న పేజ్‌మేకర్ తెరిచి 'అధ్యాయం 1' మీద నొక్కాడు. అబ్బ పేరు తెలుగులో కనబడింది. చిన్నాన్న ఏమీ అనలేదు. కాసేపటికి, 'ఈ పేజీలో ఒత్తు తప్పు పడింది, అబ్బ అప్పుడే చెప్పినాడు' అంటూ దిద్దడం మొదలుపెట్టాడు.

పన్నెండు అధ్యాయాలు పీడీఎఫ్‌లు అయ్యాయి. చిన్నాన్న కూతురు వాటిని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేస్తోంది. రెండు మాత్రం తెరుచుకోలేదు. డిస్కులో చదవలేకపోయిన ముక్కలు సరిగ్గా వాటి మధ్యలో పడ్డాయి. ఒకటి జొన్న పాతరల గురించి. పులివెందులలో అత్త దగ్గరే ఉంటున్న మా అవ్వకి ఎనభై ఏడేళ్లు. ఫోన్లో ఈ మాట చెబితే, 'పాతర నోరు తెరిస్తే తెరిచినట్టే దిగకూడదురా. ఒక పూట గాలాడనిచ్చి, ముందు దీపం దించాల. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు' అని మొదలుపెట్టి, సిగ్నల్ పోయేదాకా చెప్పింది. వచ్చే ఆదివారం రికార్డర్ పట్టుకుని వెళ్తున్నాను. రెండో అధ్యాయం దేని గురించో చిన్నాన్నకీ గుర్తులేదు. అవ్వనే అడగాలి.