విష్‌లిస్ట్‌లో నేను

పోయిన నెల నా పుట్టినరోజుకి నాన్న ఫోన్ చేసి "ఏం కావాలిరా?" అన్నారు. వెంటనే చెప్పలేకపోయాను. స్పీకర్‌లో పెట్టి, షాపింగ్ యాప్‌లో విష్‌లిస్ట్ తెరిచాను. నాకేం కావాలో నాకంటే దానికే బాగా గుర్తుంది.

అప్పటికి వారం ముందే లింగ్ మా నవల 'సెవరెన్స్' చదివాను. 2018లో వచ్చింది. చిన్నప్పుడే చైనా నుంచి అమెరికా వచ్చిన క్యాండస్ చెన్, న్యూయార్క్‌లో ఉద్యోగం చేస్తుంటుంది. చైనా ఫ్యాక్టరీల్లో బైబిళ్లు తయారుచేయించడం ఆమె పని. ఇంతలో షెన్ ఫీవర్ అనే జబ్బు వ్యాపిస్తుంది. అది వచ్చినవాళ్లు జాంబీల్లా ఎవరినీ పీక్కు తినరు. అలవాటైన పనినే చచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తుంటారు. ఒక బట్టల షాపులో సేల్స్‌గర్ల్, కొనేవాళ్లు లేకపోయినా బట్టలు మడతపెడుతూనే ఉంటుంది. జబ్బు రాని క్యాండస్ కూడా, నగరం ఖాళీ అవుతున్నా ఆఫీసుకి వెళ్తూనే ఉంటుంది. కాంట్రాక్ట్ ఉంది, డబ్బు వస్తుంది. మరి ఇద్దరికీ తేడా ఏంటి?

మా హాస్టల్ రూమ్‌లో 'ఫైట్ క్లబ్' పోస్టర్ ఉంది. చక్ పలానిక్ 1996లో రాసిన ఆ నవలలో హీరో తన ఫర్నిచరే తాననుకుని బతుకుతాడు. ఒకరోజు ఆ ఫ్లాట్ పేలిపోతుంది. వస్తువులు పోతే అసలు మనిషి బయటికొస్తాడన్న ఆశ అక్కడ కాసేపైనా కలుగుతుంది. ఆ పోస్టర్ మేం ఆన్‌లైన్‌లో ఆఫర్ ఉన్నప్పుడు కొన్నాం.

లింగ్ మా ఆ ఆశ కూడా అంత తేలిగ్గా ఇవ్వదు. ఆష్లీ అనే అమ్మాయి తను పెరిగిన ఇంటికి వెళ్లి, తన పాత గదిలో పాత డ్రెస్సులు వేసుకుని చూసుకుంటుంది. అక్కడే జబ్బు పట్టుకుంటుంది. నేను పుస్తకం పక్కన పెట్టేసింది ఆ పేజీ దగ్గరే. షాపింగ్ మాల్ ప్రమాదం అంటే ఒప్పుకుంటా. సొంతిల్లు, సొంత జ్ఞాపకం కూడానా? తర్వాత అనిపించింది, ఆ జ్ఞాపకాన్ని కూడా ఎప్పుడో కొన్న బట్టల్లోనే కదా దాచుకుంది!

నా లిస్ట్‌లో 17 వస్తువులున్నాయి. సగం ఎందుకు పెట్టానో గుర్తులేదు. "ఆలోచించి చెప్తా నాన్నా" అన్నాను. "సరే, తొందరేం లేదు" అన్నారు.

నెలైంది. ఇంకా చెప్పలేదు. లిస్ట్ డిలీట్ చెయ్యలేదు కూడా.