నువ్వు లే అంటే నువ్వు లే

నిద్రపోయే వాళ్ళని లేపవచ్చు గానీ నిద్ర నటించే వాళ్ళని లేపలేమని పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. పాపం, వాళ్ళు మూడో రకాన్ని చూసి ఉండరు. తనకి మెలకువ వచ్చినా, పక్కవాడు ఇంకా లేవలేదు కదా అని ముసుగు తియ్యని రకం. ఆ రకం ఇప్పుడు మన బల్లల మీదికే వచ్చి కూచుంది. ఒకటి మూత వేసిన లాప్‌టాప్. రెండోది దానికి తగిలించిన పెద్ద తెర.

ఒక తెర ఉండగా ఇంకోటి ఎందుకమ్మా అంటారేమో. నలభై దాటిన వాళ్ళు ఆ ప్రశ్న వెయ్యరు. చత్వారం వచ్చిన కంటికి చిన్న తెర మీద అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. పోనీ అని వంగి చూస్తే మెడ పట్టేస్తుంది. కంటికి ఎదురుగా, చెయ్యి చాచినంత దూరంలో పెద్ద తెర పెట్టుకుంటే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. అప్పుడు లాప్‌టాప్ మూత తెరిచి ఉంచితే సగం బల్ల అదే ఆక్రమిస్తుంది. అంచేత దానికి మూత వేసి ఓ మూలకి నెట్టి, కీబోర్డూ మౌసూ విడిగా పెట్టుకోవడం.

అల్చిప్పలా మడిచి మూసే కంప్యూటరు 1982లోనే వచ్చింది. పేరు గ్రిడ్ కంపాస్, దాని రూపశిల్పి బిల్ మొగ్‌రిడ్జ్. ఇవాళ్టి లాప్‌టాప్‌లన్నిటికీ ఆ పోలికే. మూత పడిందని దానికెలా తెలుస్తుందంటారా? చాలావాటిలో మూత అంచున ఓ చిన్న అయస్కాంతమూ, కింద దాన్ని పసిగట్టే చిన్న ముక్కా ఉంటాయి. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సూత్రం మీద పనిచేస్తుంది ఆ ముక్క. అయస్కాంతం దగ్గరికి వచ్చిందా, మూత పడిందన్న మాటే. వేరే చెప్పకపోతే అది పడుకుంటుంది. ఎదురుగా మీరు పనిలో ఉన్నారో లేదో దానికి అనవసరం.

తెర నిద్ర సంగతి వేరు. పూర్వపు బరువైన గాజు తెరలు ఎవరూ చూడకపోయినా కరెంటు తాగుతూ కూచునేవి. అది చూసి అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ 1992లో ఎనర్జీ స్టార్ అనే ముద్ర మొదలుపెట్టి, మొట్టమొదట కంప్యూటర్లకీ తెరలకీ వేసింది. మరుసటి ఏడు, 1993లో, తెరల ప్రమాణాలు చూసే వెసా అనే సంస్థ, కంప్యూటరు తెరని ఏ సైగతో పడుకోబెట్టాలో రాసిపెట్టింది. పొదుపు మంచిదే, కాదనను. కాని పిల్లని పడుకోబెట్టడం వేరు, బడి వేళకి లేపడం వేరు!

నాకు రాసుకునే వేళ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. పాలవాడు బెల్లు కొట్టాడంటే ఆ తర్వాత రోజంతా ఇంటిదే. వారం వారం అందించాల్సిన సీరియల్ ఈ రెండు గంటల్లోంచే రావాలి. పైగా నిద్ర లేస్తూనే నోట్లో మెదిలే వాక్యం ఒకటి ఉంటుంది చూశారూ, దాని ఆయుష్షు అయిదు నిమిషాలు. ఈ వేసవిలో బల్ల మార్చి, మొదటిసారి లాప్‌టాప్‌కి మూత వేసిన దగ్గర్నుంచీ, ఆ వాక్యాన్ని నోట్లో పెట్టుకుని నల్లటి తెర ముందు కూచోవడం నా వంతయింది. కీబోర్డు నొక్కినా, మౌసు కదిపినా ఉలుకూ పలుకూ లేదు. మూత ఎత్తితే మాత్రం ఏమీ ఎరగనట్టు రెండూ లేచేవి. తీరా మూత ఎత్తి, దించి, అన్నీ సర్దుకునేసరికి నా వాక్యం ఏ గాల్లో కలిసిందో!

సలహాలకేం, కొదవ లేదు. "ఆపేసి మళ్ళీ వెయ్యరాదూ?" అన్నారు మావారు. "కేబులు పీకి పెట్టమ్మా" అన్నాడు మా అబ్బాయి ఫోన్లో. షాపతను చూడకుండానే, "తెర పోయిందండీ, కొత్తది తీసుకోండి" అనేశాడు. ఒక నవల పారితోషికం మొత్తం పెట్టి కొన్న తెర అది! అంత తేలిగ్గా పోయిందంటే ఒప్పుకుంటానా?

నేను చదివింది బి.ఏ. మీటల సంగతి మాకేం తెలుస్తుందని అందరికీ చిన్నచూపు. కాని కథలు రాసేవాళ్ళకి ఒక అలవాటుంది. తగువెవరిదో తేల్చేముందు, ఆ వేళకి ఎవరెక్కడున్నారో తేల్చుకుంటాం. ఇక్కడా అదే ప్రశ్న. ఇద్దరిలో పడుకున్నది ఎవరు?

దానికో చిట్కా ఉంది. కీబోర్డు మీద కాప్స్ లాక్ మీట నొక్కాలి. దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటే కంప్యూటరు మేలుకునే ఉంది, చూడాల్సింది తెరనీ కేబులునీ. దీపం పలకలేదా, పడుకున్నది కంప్యూటరే.

మా దీపం పలకలేదు. విండోస్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి చూశాను. చార్జరు ఉన్నప్పుడు మూత వేస్తే 'డు నథింగ్' అనే ఉంది, ఆ మాట ముందే చెప్పిపెట్టాను. డివైస్ మేనేజర్‌లో కీబోర్డు పేరు మీద చూస్తే, కంప్యూటరుని లేపే అధికారం ఇచ్చే గడిలో టిక్కు లేదు. ఎవరో తలుపు తడుతుంటే, నిన్ను లోపలికి రానివ్వమని నాకెవరూ చెప్పలేదన్నట్టు! టిక్కు పెట్టాను.

మర్నాడు మళ్ళీ నల్ల తెరే. ఎవరైనా అయితే ఈ మందు పనిచెయ్యలేదని మానేసేవారు. కాని ఈసారి దీపం వెలిగింది! అంటే ఒక జబ్బు నయమైంది, దాని వెనక ఇంకోటి దాక్కుని ఉంది. పగటిపూట పది నిమిషాలు కునుకు తీస్తే తెర చక్కగా లేచేది. రాత్రంతా పడుకుంటేనే ఈ మొండితనం. అక్కడ దొరికింది కిటుకు. తెరకి డీప్ స్లీప్ అని ఒక గాఢనిద్ర ఉంటుంది. తెర ఉన్నదని కంప్యూటరుకి హాజరు పలికే తీగ ఒకటి కేబుల్లో ఉంటుంది. కొన్ని తెరలు గాఢనిద్రలో ఆ హాజరు కూడా పలకవు. పలకలేదు గనక తెర లేదనుకుని కంప్యూటరు బొమ్మ పంపదు. బొమ్మ రాలేదు గనక పని లేదనుకుని తెర లేవదు. నువ్వు లే అంటే నువ్వు లే! ఈలోగా తెల్లారిపోతుంది.

తెర వెనకనున్న మీటతో దాని సొంత మెనూ తెరిచి, డీప్ స్లీప్ తీసేశాను. ఏ సాకెట్లోంచి బొమ్మ వస్తుందా అని తనంత తను వెతుక్కోవడం కూడా మాన్పించి, ఒక్క సాకెట్టుకే కట్టేశాను. ఆ మర్నాడు మీట నొక్కగానే తెల్లటి కాగితంలా తెరుచుకుంది.

"కరెంటు ఎక్కువ కాలుతుందేమో?" అన్నారు మావారు. తెర రాత్రి పది గంటలూ ఒక వాటు అదనంగా తాగినా నెలకి 0.3 యూనిట్. నా వాక్యాలకి ఆ మాత్రం ఖర్చు పెట్టొచ్చన్నాను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. 'డు నథింగ్' అన్నది చార్జరు ఉన్నప్పటికే చాలు. బ్యాటరీ మీద కూడా అదే పెట్టి, మూత వేశాం కదా అని సంచీలో పెడితే, అది లోపల మేలుకుని ఉండి కుంపటిలా వేడెక్కుతుంది.

ఇదంతా విని మా పక్కింటావిడ, "ఈ తంతు మా తోడికోడళ్ళ వ్యవహారంలా ఉందండీ" అంది. ముందు ఆవిడ ఫోన్ చెయ్యనీ అని ఈవిడా, ఈవిడ చెయ్యనీ అని ఆవిడా, రెండు సంక్రాంతులు దాటించారట. మరి అక్కడ మేలుకున్నది ఎవరో చెప్పడానికి కాప్స్ లాక్ దీపమైనా లేదు కదా!