బల్ల మీద డబ్బు ఎవరిది?

అమెరికా ప్రయాణమంటే ఆవకాయ ఎలా సర్దుకోవాలో, విమానంలో కాళ్ళు వాయకుండా ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది. నాకూ చెప్పారు. సీసాని మూడు కవర్లలో చుట్టుకుని మరీ వెళ్ళాను. కానీ హోటల్లో తిన్నాక బల్ల మీద పెట్టిన డబ్బు జోలికి వెళ్ళకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లల దగ్గరికో, తోబుట్టువుల దగ్గరికో బయల్దేరేవాళ్ళు మీలోనూ ఉంటారు కదా. వాళ్ళకి పనికొస్తుందని సిగ్గు విడిచి రాస్తున్నాను.

ముందు నా అలవాటు చెప్పాలి. మాది గుంటూరు. మేం హోటల్‌కి వెళ్ళేది నెలకి ఒకసారో, రెండుసార్లో. తినడం అయ్యాక సర్వరు సోంపు పళ్ళెంలో మిగిలిన చిల్లర పెట్టి తెస్తాడా, మావారు అలాగే వదిలేసి లేవబోయేవారు. నేను ఊరుకుంటానా? అయిదో పదో ఉంచి మిగతాది పర్సులో వేసుకునేదాన్ని. ‘‘ఊరికే పోతుంటే చూస్తూ కూర్చోనా? రేపటి కొత్తిమీరకి వస్తుంది’’ అనేదాన్ని. అది పొదుపనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

2024 వేసవిలో మా తమ్ముడింటికి వెళ్ళాం. టెక్సాస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్ అనే ఊరు. ఎండ మన గుంటూరుకి ఏమీ తీసిపోదు. తెలుగువాళ్ళు ఎంతమందంటే, కూరగాయల కొట్లో బెండకాయలు ఏరుతుంటే పక్కనుంచి ‘‘ముదురువి అండీ అవి’’ అని వినిపించింది! ఒక ఆదివారం పొద్దున్నే అక్కడి పార్కులో 2014లో పెట్టిన గాంధీగారి విగ్రహం చూసి, మధ్యాహ్నం భోజనానికి మెక్సికో వంటల హోటల్‌కి వెళ్ళాం. మన టిఫిన్ సెంటర్లలా ఆ హోటళ్ళు అక్కడ ఎటు చూసినా ఉంటాయి.

కూర్చోగానే, అడక్కుండానే, మొక్కజొన్న చిప్సూ, సల్సా తెచ్చి పెట్టారు. సల్సా అంటే మరేమీ కాదు, టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపిన పచ్చడి. మావారికి రోటి పచ్చడి గుర్తొచ్చి గిన్నె ఖాళీ చేశారు. మళ్ళీ తెచ్చారు. దానికి డబ్బుల్లేవు. తర్వాత ఎంచిలాడాలు. మొక్కజొన్న రొట్టెల్లో చీజ్ చుట్టి, పైన కారం సాస్ పోసి వేడి చేసినవి. పక్కన మెదిపిన బీన్సు, అన్నం.

మాకు వడ్డించినావిడకి నా వయసే ఉంటుంది. నేను మాంసం ముట్టనని మా మరదలు చెబితే, ఆవిడ నోట్ చేసుకుని ఊరుకోలేదు. బీన్సులో పందికొవ్వు వేస్తారేమో, అన్నం కోడి ఉడికించిన నీళ్ళలో వండారేమో అని వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చింది. ‘‘ఆ బీన్సు వద్దు, నల్ల బీన్సు తెస్తాను, అన్నం కూడా వద్దు’’ అని మార్చి తెచ్చింది. శాకాహారులైన వాళ్ళు ఈ రెండూ తప్పకుండా అడగండి, మర్చిపోకండి. మేం ఉన్న గంటా ఆవిడ నిలబడ్డది లేదు. గ్లాసు సగానికి రాకుండానే నీళ్ళు నింపుతోంది.

బిల్లు 60 డాలర్లు, పైన పన్ను 4.95. తమ్ముడు కార్డు ఇచ్చి కట్టేశాడు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి మావాళ్ళంతా తలుపు దగ్గరికి వెళ్ళిపోయారు. బల్ల మీద గ్లాసు కింద నోట్లు కనిపించాయి. ఒక పది, రెండు ఒకట్లు. ‘‘వీడి మతిమరుపు చిన్నప్పటినుంచీ ఇంతే’’ అనుకుని చక్కగా మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

కారు కొంతదూరం వెళ్ళాక, ‘‘ఒరేయ్, 12 డాలర్లు మర్చిపోయి వచ్చావురా. నేను చూశాను కాబట్టి సరిపోయింది’’ అని గొప్పగా తీసి చూపించాను. కారులో ఎవరూ మాట్లాడలేదు. మా మరదలు కిటికీలోంచి బయటికి చూస్తోంది. తమ్ముడు కారు వెనక్కి తిప్పుతూ, ‘‘అక్కా, అది మర్చిపోయింది కాదు. ఆవిడ జీతం’’ అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అప్పట్లో డాలరు 83 రూపాయలు. వేళ్ళ మీద లెక్కేశాను. ‘‘దగ్గర దగ్గర వెయ్యి రూపాయలురా! వడ్డించినందుకు వెయ్యి రూపాయలా? వాళ్ళకి యజమాని జీతం ఇవ్వడా?’’ అన్నాను.

అప్పుడు చెప్పాడు వాడు. అమెరికా అంతటికీ వర్తించే చట్టం ప్రకారం కనీస వేతనం గంటకి 7 డాలర్ల 25 సెంట్లు. అది 2009 నుంచీ మారలేదు. కానీ టిప్పులు వచ్చే పనివాళ్ళకి యజమాని తన చేత్తో ఇవ్వవలసింది గంటకి 2 డాలర్ల 13 సెంట్లేనట! అది 1991 నుంచీ అంతే. టెక్సాస్‌లో ఇదే పద్ధతి. మిగతాది టిప్పుల్లో రావాలి. రాకపోతే ఆ తక్కువైనంతా యజమాని కలిపి ఇవ్వాలని చట్టం ఉంది. అయినా ఇల్లు గడిచేది మాత్రం బల్లల మీద వచ్చే డబ్బుతోనే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో ఇలా తగ్గించి ఇవ్వడానికి లేదు, పూర్తి వేతనం ఇవ్వాల్సిందే. అక్కడ కూడా టిప్పు ఇచ్చే అలవాటు మాత్రం ఉంది.

‘‘ఇదేం న్యాయంరా? వాళ్ళ జీతం మనం ఇవ్వడమేంటి?’’ అన్నాను. ‘‘న్యాయమా కాదా అని ఇక్కడివాళ్ళే వాదించుకుంటారక్కా. కానీ ఆ కోపం ఆవిడ మీద తీర్చుకుంటే ఎలా?’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మేం వెళ్ళేసరికి ఆవిడ మా బల్లే తుడుస్తోంది. నాకొచ్చిన ఇంగ్లీషులో ‘‘సారీ, మై మిస్టేక్’’ అని నోట్లు చేతిలో పెట్టాను. తమ్ముడు సంగతి చెప్పాడు. ఆవిడ పెద్దగా నవ్వేసి, ‘‘అలాగా! తిండి మీకు నచ్చలేదేమో, బీన్సు విషయంలో నేనేమైనా పొరపాటు చేశానేమో అనుకున్నాను’’ అంది.

చూశారా? డబ్బు పోయిందని కాదు, తన పనిలో లోపం ఉందేమోనని బాధపడింది. ఇంటికి చుట్టాలొచ్చి తిని, కూర బాగుందని గానీ బాగాలేదని గానీ అనకుండా వెళ్ళిపోతే మనకెలా ఉంటుందో ఆవిడకీ అలాగే ఉంది. ఆ మాట నన్ను ఇంటికొచ్చినా వదల్లేదు.

లెక్క ఇదీ

ఆ నెలన్నరలో నేర్చుకున్నవి చెబుతాను, కాగితం మీద రాసి పెట్టుకోండి.

కూర్చోబెట్టి వడ్డించే హోటల్లో, పన్ను కలపకముందు ఉన్న బిల్లు మీద 15 నుంచి 20 శాతం ఇవ్వాలి. శాతాలు రావని భయపడకండి. డాలస్‌లో పన్ను 8.25 శాతం. బిల్లు మీద ఉన్న పన్నుని రెట్టింపు చేస్తే పదహారున్నర శాతం అయిపోతుంది! అయితే పన్ను ఊరికో రకంగా ఉంటుంది, అది చూసుకోవాలి.

ఆరుగురో ఎనిమిదిమందో కలిసి వెళితే ‘గ్రాట్యుటీ’ అని చాలాచోట్ల వాళ్ళే బిల్లులో వేసేస్తారు. చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.

బార్ దగ్గరైతే గ్లాసుకి ఒకటి రెండు డాలర్లు. మావారు తాగింది నిమ్మకాయ సోడానే అయినా, బల్ల మీద డాలరు పెట్టకుండా తమ్ముడు లేవనివ్వలేదు.

బస చేసిన గది శుభ్రం చేసేవాళ్ళకి రోజుకి రెండు నుంచి అయిదు డాలర్లు ఏ రోజుకి ఆ రోజు పెట్టాలి, ఎందుకంటే మర్నాడు వేరేవాళ్ళు రావచ్చు.

కాఫీ కొట్టులో మనమే నిలబడి తెచ్చుకునేచోట కూడా తెర తిప్పి, 18 ఇస్తారా 20 ఇస్తారా అని అడుగుతారు. అక్కడ ఇస్తే ఇవ్వచ్చు, ఇవ్వకపోయినా తప్పు లేదు.

మన ఊళ్ళో

తిరిగొచ్చాక మా గుంటూరు హోటల్‌కి వెళ్ళాం. మావారు ఫోన్‌తో బిల్లు కట్టేశారు. సోంపు పళ్ళెం వచ్చింది, అందులో సోంపు తప్ప చిల్లర లేదు. అప్పుడు తట్టింది నాకు. ఈ ఫోన్లు వచ్చాక మనకి సుఖమే, కానీ సర్వర్ల పళ్ళెం ఖాళీ అయిపోయింది. ఇద్దామనుకున్నా పర్సులో నోటు ఉండటం లేదు. అందుకని ఇప్పుడు హోటల్‌కి బయల్దేరేముందు నాలుగు ఇరవైలు, ఒక యాభై విడిగా పెట్టుకుంటున్నాను. మన దగ్గర ఇంత శాతం అని నియమమేమీ లేదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఇవ్వడమే.

ఇంకొక్క మాట. కొన్ని పెద్ద హోటళ్ళ బిల్లులో ‘సర్వీస్ ఛార్జి’ అని వేస్తారు. అది జీఎస్టీ కాదు, ప్రభుత్వానికి పోయే పన్నూ కాదు. దాన్ని మనని అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. తీసెయ్యమని మర్యాదగా అడగండి. ఆ మిగిలిన డబ్బులో కొంత వడ్డించినవాళ్ళ చేతికే ఇవ్వండి.

ఇచ్చేటప్పుడు పళ్ళెంలో పడెయ్యకుండా చేతికిచ్చి, ‘‘సాంబారు బాగుంది బాబూ’’ అని ఒక్క ముక్క అనండి. మొన్న నేను అలా అంటే మాకు వడ్డించిన కుర్రాడు వంటింటి వైపు తిరిగి, ‘‘మాస్టారూ, సాంబారు బాగుందంట!’’ అని కేకేశాడు.

కొత్తిమీర సంగతా? పెరట్లో కుండీలో చల్లుకున్నాను. బాగానే వస్తోంది.