అక్క పెళ్లి క్యాసెట్టు



పోయిన వారం ధ్యానం ఎందుకు పెట్టలేదని కొందరు ఫోన్ చేసి అడిగారు. మా అక్క పెళ్లి క్యాసెట్టు ముందేసుకొని కూర్చున్నాను, అదీ సంగతి.

1997 మే నెలలో దేవరకొండ దగ్గర మా ఊరి మందిరంలో ఆ పెళ్లి జరిగింది. నాయిన సంఘపెద్ద. ఆ రోజు ఆశీర్వాద ప్రార్థన ఆయనే చేశాడు. 2003లో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాడు. ఫోటోలు నాలుగున్నాయి గాని ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. అమ్మకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. "బొమ్మ నాకేం కనవడ్తది కొడుకా, నాయిన గొంతు ఇనిపియ్యి" అన్నది. ఇస్సాకు గుర్తొచ్చాడు. కళ్లు మసకబారినా, వచ్చింది యాకోబని ఆయన చెవికి తెలిసింది. చేతులే మోసపోయాయి.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. ఆ క్యాసెట్టు నిండా సినిమా పాటలున్నాయి. పెట్టించింది నేనే. ఇంటర్ చదువుతున్నాను, ఊళ్లో అందరి పెళ్లి క్యాసెట్లలో పాటలున్నాయి, మనకు లేకపోతే ఎట్లా అని స్టూడియోకు వెళ్లి చెప్పొచ్చాను. కిరాయికి టీవీ, వీసీఆర్ తెచ్చి వాకిట్లో పెట్టి చూశాం. నాయిన కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్నాడు, వినిపిస్తున్నది మాత్రం డ్యూయెట్టు. అందరూ నవ్వారు. నాయిన లేచి పశువుల కొట్టం వైపు వెళ్లిపోయాడు. తర్వాత కూడా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అయినా పాటకూ పాటకూ మధ్య నాలుగు మాటలైనా దొరక్కపోతాయా అని ఆశ. కొత్త వీసీఆర్‌లు ఇప్పుడు దొరకవు. చివరిదాకా తయారుచేసిన జపాన్ ఫునై కంపెనీ కూడా 2016లో ఆపేసింది. పక్క ఊరి సారు ఒకరు తన పాతది ఇచ్చారు. టేపు మీద తెల్లని బూజు లేదని చూసుకొని (ఉంటే మాత్రం అస్సలు పెట్టకండి, టేపూ పోతుంది, హెడ్డూ పాడవుతుంది), పసుపు వైరు బొమ్మకు, తెల్ల వైరు శబ్దానికి పెట్టి, యూఎస్‌బీ పరికరంతో ల్యాప్‌టాప్‌కు కలిపాను. మూడు గంటలు ఎక్కించాను.

తిరిగి పెట్టి చూస్తే అక్క మెడలో దండ పడుతుంటే కోడి కూస్తున్నది. ఆ వెంటనే నా గొంతే: "సప్పుడు ఎక్కుతున్నదో లేదో!" రికార్డింగు సాఫ్ట్‌వేరు యూఎస్‌బీ శబ్దాన్ని వదిలేసి ల్యాప్‌టాప్ మైకును పట్టుకుంది. సెట్టింగుల్లో ఆడియో ఇన్‌పుట్ మార్చాను. మీరు చేసేటప్పుడు ముందు ఐదు నిమిషాలు ఎక్కించి విని చూడండి, నాలాగ పొద్దంతా పోగొట్టుకోకండి.

రెండోసారి శబ్దం వచ్చింది. మొదటి నుండి చివరి దాకా పాటలే. మధ్యలో సందు కూడా లేదు.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున్నే బస్సెక్కి నల్గొండ గడియారం సెంటర్ దగ్గర పాత క్యాసెట్లు ఎక్కించే ఒక తమ్ముడి దగ్గరికి వెళ్లాను. ఆయన డెక్కులో పెట్టినా అదే డ్యూయెట్టు. "ఉండుండు అయ్యగారూ" అని రిమోట్ తీసుకొని ఆడియోను నార్మల్ నుండి హైఫైకి మార్చాడు.

పాట తెగిపోయింది. ఫ్యాన్ల గరగర, పిల్లల ఏడుపు, ఎవరో దగ్గడం, జనరేటర్ మోత. మా మందిరం!

ఆయన విడమరచి చెప్పాడు. అర అంగుళం టేపు అంచున ఒక సన్నని సౌండ్ ట్రాక్ ఉంటుంది. టేపు నడిచేది సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా కాదు, ఆడియో క్యాసెట్టు నడకలో సగం. అందుకే ఆ శబ్దం మొద్దుగా ఉంటుంది. హైఫై డెక్కుకు ఇంకో దారి ఉంది. నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ము మీది హెడ్లు ముందు శబ్దాన్ని టేపులో లోతుగా రాస్తాయి, దాని మీద పైపొరలో బొమ్మ పడుతుంది. తర్వాత ఎవరైనా ఆడియో డబ్ బటన్ నొక్కి పాట ఎక్కిస్తే అంచున ఉన్నదే చెరిగిపోతుంది. లోపలిది పోవాలంటే బొమ్మ కూడా పోవాలి. మనం కిరాయికి తెచ్చుకునే మోనో వీసీఆర్‌లకు ఆ లోపలిది చదివే హెడ్లే ఉండవు.

అంటే ఇరవై ఎనిమిదేండ్లుగా నాయిన ప్రార్థన ఆయన బొమ్మ కిందనే ఉంది. నేను చెరిపేశానని అనుకుంటూ బతికాను.

సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చొని ఫోన్‌లో పెట్టాను. నాయిన ఏమీ తొందరపడడు. పెళ్లికొడుకు వాళ్లకు, వంట చేసినవాళ్లకు, టెంటు వేసినవాళ్లకు, అప్పిచ్చిన షావుకారికి, అందరికీ పేరుపేరునా దీవెనలు అడిగాడు. నా పేరు కూడా వచ్చింది. పదకొండు నిమిషాలు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది. ఆమేన్ అన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

"ఎప్పుడూ గింతే," అన్నది చివరకు. "అన్నం సల్లారుతుందని ఎవలన్న చెప్తే గదా ఆయనకు. ఏదీ, ఇంకోపాలి పెట్టు."