సిటికెన పుల్ల

ఘంటసాల భగవద్గీతను ఇంట్లో పెట్టుకొని వినే ధైర్యం కట్టంగూర్‌లో ఎవరికీ లేదు. ఆ గొంతు వినిపించిందంటే వాడకట్టంతా గడపల్లోకి వచ్చి నిలబడుతుంది, ఎవరింటి ముందు జనం పోగయ్యారో చూడడానికి. ఒక ఆదివారం పొద్దున నేను ఫోన్‌లో పెట్టుకుంటే, బియ్యం చెరుగుతున్న అమ్మ చాట కింద పెట్టి వచ్చింది.

"ఎవలు వోయిండ్రురా?"

ఎవరూ పోలేదు, ఊరికే వింటున్నానన్నాను.

"ఊరికే ఇనే పాటనా అది? బందు వెట్టు."

1974లో ఘంటసాల కన్నుమూశాక హెచ్‌ఎంవీ విడుదల చేసిన ఆ రికార్డు, ఈ యాభై ఏళ్లలో మెల్లమెల్లగా చావింటి మైకుకే పరిమితమైపోయింది. యుద్ధానికి లేవమని చెప్పిన మాటలు పాడె లేచేటప్పుడే వినపడుతున్నాయి. ఇంతకీ నేను హెడ్‌ఫోన్లు కొనుక్కున్నది సంగీతం మీద ప్రేమతో కాదు, అమ్మకు భయపడి.

మేనల్లుడు హైదరాబాద్ నుంచి తెచ్చి ఇచ్చాడు. చెవులు రెండూ మూసేసే తీగ హెడ్‌ఫోన్లు, రెండు వేల చిల్లర. ఆ రాత్రి డాబా మీద మంచం వాల్చుకొని మళ్లీ అదే గీత పెట్టాను. శ్లోకం ముగించి తాత్పర్యం ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి తీసుకున్నాడు. చిన్న ఊపిరి, అంతే. నేను లేచి కూర్చున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచి చావు కబురుగా విన్న గొంతులో ఊపిరి ఉందని నాకు అంతకు ముందు తట్టలేదు. ఆ తర్వాత పాట సంగతి పక్కన పెట్టి రాత్రంతా ఊపిర్లే వెతుక్కున్నాను.

ఇదంతా హెడ్‌ఫోన్ల మహిమ అనుకున్నాను. పది రోజులు తిరక్కుండా మా వెనక వాడలో ఒక ముసలాయన పోయాడు. వేపచెట్టుకు హారన్ మైకు కట్టారు. హారన్ మైకు సంగతి తెలిసిందే కదా, అడుగు స్వరాలూ ఉండవు, పై మెరుపులూ ఉండవు, నడుమనున్న గొంతు మాత్రం రేకు డబ్బాలో నుంచి వచ్చినట్టు వస్తుంది. ఆ మైకులో కూడా నాకు అదే ఊపిరి వినపడింది. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది. ఎక్కడ వెతకాలో నాకు తెలియలేదు.

అప్పటి నుంచి మా ఊళ్లో చెవితో బతికే మనుషులు ఒక్కొక్కరే గుర్తుకు రావడం మొదలైంది. మా ఇల్లు హైవేకు దగ్గర. దానికి ఇప్పుడు అరవై ఐదో నంబరు వేశారు గానీ మాకింకా అది తొమ్మిదో నంబరు రోడ్డే. చిన్నప్పుడు హోటల్ ముందు లారీ ఆగగానే క్లీనర్ రాడ్డు పట్టుకొని దిగేవాడు. టైరుకొక దెబ్బ వేసుకుంటూ లారీ చుట్టూ నడిచేవాడు. ఒకచోట ఆగి, అదే టైరును ఇంకోసారి కొట్టేవాడు. గాలి తగ్గిన టైరు ఏదో వాడికి కంటితో పనిలేకుండానే తెలిసేది. మెకానిక్ షెడ్డులో ఇంకో మనిషి ఉండేవాడు. నడుస్తున్న ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి దగ్గర బొక్కకు ఒత్తి పెట్టుకొని కళ్లు మూసుకునేవాడు. బయటి రొద అంతా బయటే ఉండిపోయి, ఏ బేరింగ్ పోయిందో అదొక్కటే ఆయన తలలోకి వచ్చేది. నేను చూసిన మొదటి హెడ్‌ఫోన్ అదే. ఇక మా నాయిన, నిద్రలో పక్కకు ఒత్తిగిలుతూనే "మోటరు ఒట్టిగ తిరుగుతుంది" అని లేచి చెప్పులేసుకునేవాడు. బోరు ఆగి ఆగి పోస్తోందన్న సంగతి ఆయనకు కలలో నుంచే తెలిసేది. వీళ్లెవరికీ సంగీతం రాదు. కానీ మేనల్లుడు నాకు నేర్పిన చిట్కా, వీళ్లు చేసిందీ ఒకటే.

"మామా, పాట ఇనకు. ఒక్క బేస్ గిటారే ఇను. పాట అయిపోయేదాకా దాని ఎంబడే వో."

'గీతాంజలి' పాటలు పెట్టి ఇచ్చాడు. 1989 నుంచి వింటున్న పాటలే, బాలు గొంతు విరుపులతో సహా నోటికొచ్చు. అడుగున బేస్ గిటారు తన దారిన తాను ఇంకో పాట పాడుకుంటూ పోతోందని మాత్రం ఎన్నడూ తెలియదు. ఇళయరాజా దాన్ని తాళానికి తోడుగా ఊరికే కట్టేసి ఉంచడు. అది గొంతుకు ఎదురెళ్తుంది, ఆగి దారి ఇస్తుంది, చరణం మలుపులో గొంతు కన్నా ముందే ఇంటికి చేరుతుంది. బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. గోరంత ఫోన్ స్పీకరు ఆ లోతు పలకలేదు. అయినా వెలితి ఉందని మనకు అనిపించదు, ఎందుకంటే ఆ తీగ పై స్వరాలను పట్టుకొని మెదడే అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది. ఊహించుకున్నదాన్ని వినడం వేరు, ఉన్నదాన్ని వినడం వేరు. పై అంచు సంగతీ ఇంతే. చిన్నప్పుడు మా ఇంట్లో పాటంటే రేడియోలో హైదరాబాద్ ఏ కేంద్రమే, 738 కిలోహెర్ట్జ్. మీడియం వేవ్‌లో స్టేషన్‌కూ స్టేషన్‌కూ నడుమ 9 కిలోహెర్ట్జే ఎడం, అందుకని నాలుగున్నర వేల పైనున్న ధ్వనులను అది చాలామటుకు కోసేస్తుంది. తాళాల చివర మోగే మెరుపంతా ఆ పైనే ఉంటుంది. నా బాల్యం మొత్తం తాళాలను నేను 'చప్' అనే విన్నాను.

నెల తిరిగేసరికి నాకు కొంచెం గీర వచ్చింది. ఎంపీ3 పాటలు పనికిరావు, అసలు సీడీయే వినాలి అని స్టాఫ్ రూములో మాట్లాడడం మొదలుపెట్టాను. ఎంపీ3 చేసే పని ఇది. పెద్ద చప్పుడుకు ఆనుకొని ఉన్న చిన్న చప్పుడు చెవికి అందదు. హైవే మీద లారీ పోతున్నంతసేపు కీచురాళ్లు అరవడం మానవు, మనకు వినపడవంతే. ఎంపీ3 ఆ లారీ పోయే క్షణంలో కీచురాళ్లను లెక్కలో నుంచి కొట్టేసి, ఫైలును చిన్నది చేస్తుంది. జర్మనీలో దీన్ని తయారుచేసిన వాళ్లలో ముఖ్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్. ఆయనను ముప్పుతిప్పలు పెట్టింది ఏదో పెద్ద వాద్యగోష్ఠి కాదు, సుజాన్ వేగా అనే గాయని ఏ వాయిద్యమూ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్'. ఒంటి గొంతుకు దాక్కోవడానికి లారీ ఉండదు కదా. ఆ పాటను మళ్లీ మళ్లీ విని ఆయన తన పద్ధతిని సరిదిద్దుకున్నాడు. నాట్లేసేటప్పుడు ఆడవాళ్లు పాడే పాట ఆయన విని ఉంటే ఇంకో రెండేళ్లు కష్టపడేవాడేమో.

నా గీర చూసి మేనల్లుడు పరీక్ష పెట్టాడు. ఒకే పాట, ఒకటి సీడీ నుంచి తీసింది, ఇంకొకటి మంచి ఎంపీ3. ఏది ఏదో చెప్పకుండా పదిసార్లు వినిపించాడు. ఐదు ఒప్పు, ఐదు తప్పు. నేను లెక్కల సారును, బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేదని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. వాడు అంతటితో ఊరుకోక సెకనుకు పదిహేను వేల సార్లు ఊగే ధ్వని ఒకటి పెట్టాడు. వాడు చెవులు మూసుకున్నాడు, నాకేమో గాలి కదిలిన జాడ కూడా లేదు. పుట్టినప్పుడు ఇరవై వేల దాకా అందే చెవి, యాభై దాటేసరికి చాలామందిలో పదీ పన్నెండు వేల దగ్గరే ఆగిపోతుంది. అయినా దిగులు పడలేదు. ఊపిరీ బేస్ గిటారూ ఆ ఎత్తుల్లో ఉండవు.

ఒక్క మాట మాత్రం పిల్లలకు క్లాసులో కూడా చెబుతున్నాను. వాల్యూం పెంచితే వివరం పెరగదు. నల్లగొండలో ఒక షాపులో నాకు రెండు హెడ్‌ఫోన్లు పెట్టి చూపించి, ధర ఎక్కువున్నదాన్ని కాస్త గట్టిగా వినిపించారు. అదే బాగుందనిపించింది. గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, అది చెవి బలహీనత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, అంతకు మించితే ఆ గంటలు గబగబా తరిగిపోతాయి. బస్సు రొద మీద గెలవడానికి పాట పెంచుకునే పిల్లలు ఆ లెక్కను ఎప్పుడో దాటేశారు. చెవికి పని నేర్పాలనుకుంటే రాత్రి పూట, తగ్గించి పెట్టుకొని, వినపడీ వినపడనట్టుండాలి. అప్పుడు చెవి తనే ముందుకు వంగుతుంది.

అలా వంగిన చెవితో పాలమూరు దాకా పోయాను. 'భీమ్లా నాయక్' పాట మొదట్లో వినిపించే గొంతు పాలమూరు కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యది. 2021లో ఆ పాట వచ్చాక ఊరూరా ఆయన పేరు తెలిసింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమా పాటలో మిగతా వాయిద్యాలు మీద పడి కిన్నెరను తొక్కేస్తాయి. అందుకే ఆయన ఒక్కరే కూర్చొని పండుగ సాయన్న కథ పాడే వీడియోలు వెతుక్కున్నాను. కిన్నెరంటే వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన పన్నెండు మెట్లు. వేలు మెట్టును తాకి తీగ పలికే లోపు ఒక చిన్న గరగర ఉంటుంది, గొంతు సవరించుకున్నట్టు. కిన్నెరలో నాకు స్వరం కన్నా అదే ఇష్టం. స్టూడియోలో అయితే దాన్నే ముందు తుడిచేస్తారు.

ఇంత విన్నాక మన ఊరి చప్పుడు ఎందుకు వినకూడదని, శ్రావణంలో ముత్యాలమ్మ బోనాలప్పుడు డప్పులను ఫోన్‌లో రికార్డు చేశాను. డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతిలో లావు సిర్ర, ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ గుండె మీద పడుతుంది, అది వాడ చివరికి కూడా వినపడుతుంది. సిటికెన పుల్ల నడుమ సందుల్లో చిటచిటలాడుతుంది, దరువు తిరిగేదీ విరిగేదీ దాని చేతిలోనే. హెడ్‌ఫోన్లలో నాలుగు రాత్రులు ఆ సన్న పుల్ల వెంటే నడిచాను. ఐదో రోజు, ఊళ్లో అందరికన్నా పెద్దవాడైన డప్పు కళాకారుడి దగ్గరికి హెడ్‌ఫోన్లు పట్టుకొని పోయాను. నా విద్య చూపించుకుందామని కూడా కొంత ఉంది లెండి.

"పెద్దయ్యా, ఇందులో సిటికెన పుల్ల ఎంత బాగ ఇనవడ్తుందో సూడు."

ఆయన తల రుమాలు విప్పి మోకాలి మీద వేసుకొని, హెడ్‌ఫోన్లు పెట్టించుకున్నాడు. జీవితంలో మొదటిసారి. కళ్లు మూసుకోలేదు, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ విన్నాడు. ఒక నిమిషం కూడా కాకముందే, చెవులు మూసుకున్న వాళ్లంతా అరిచినట్టే అరిచాడు.

"ఎడమ దిక్కుది సక్కగ కాగలే సారూ! తోలు ఇంక మెత్తగనే ఉంది. ఎవలు కాపిండ్రో గని తొందర వడ్డరు!"

నేను ఫోన్ తీసి మళ్లీ విన్నాను. నాకు అన్ని డప్పులూ ఒక్క తీరుగానే మోగాయి. ఇంటికొచ్చి వీడియో చూశాను. ఆ సాయంత్రం తుంపర పడుతోంది, వరిగడ్డి మంట అంటుకోక పొగ లేస్తోంది. ఎడమ చివర నిలబడ్డది ఆయన మనుమడే.